రబ్బరు చేప పక్షాన

ఫ్లెక్సీలోంచి తన ముఖమే తనను చూసి నవ్వుతుంటే సబీనా ఆటో దిగడం మరిచిపోయి కూర్చుండిపోయింది. పోయిన వారం మనం ఆమెను విడిచిపెట్టింది అక్కడే.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం. సబీనా నెల్లూరు కోటమిట్టలో పరుపులు కుట్టే బడేసాహెబ్ కూతురు. పిల్లలకు ఫిజియోథెరపీ చేస్తుంది. గల్ఫ్‌లో నాలుగేళ్ళు పనిచేసి తిరిగొచ్చి, మైపాడు దగ్గర మూతపడ్డ ఒక రొయ్య పిల్లల హేచరీని అద్దెకు తీసుకుంది. ఆ సిమెంటు తొట్టెల్లో గోరువెచ్చటి నీళ్ళు నింపింది. మాటలు రాని పిల్లలు, ముట్టుకుంటే బెదిరిపోయే పిల్లలు, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయిన పిల్లలు వారానికి రెండుసార్లు అక్కడికి వస్తారు. పెద్ద తొట్టెలో ఒక డాల్ఫిన్ ఉంటుంది. దాన్ని కుట్టింది బడేసాహెబే. లోపల పరుపుల ఫోము, పైన రబ్బరు తొడుగు. తోక ఆడటానికి తమ్ముడు రఫీ కారు వైపర్ మోటారు బిగించాడు. దాని పొట్టలోంచి వచ్చే ఈలలు మాత్రం నిజమైనవి. జాలరి హెబ్రోను పడవలో సముద్రం లోపలికి పోయి, నీళ్ళలోకి మైకు దించి రికార్డు చేసుకొచ్చినవి. చుట్టుపక్కల అందరూ దాన్ని రబ్బరు చేప అంటారు.

ఆ రబ్బరు చేపకు పోటీగా ప్రాణమున్న డాల్ఫిన్‌ను తెస్తానని ప్రకటించాడు బీచ్ రిసార్టు యజమాని నరేంద్రబాబు. పిల్లల తల్లిదండ్రులందరికీ ఆదివారం పొద్దున పది గంటలకు రిసార్టులో సభ. సబీనాకూ పిలుపు అందింది. తండ్రితో కలిసి ఆటోలో వచ్చింది. గేటు దగ్గరే ఈ ఫ్లెక్సీ.

‘మాటలు రాని మీ బిడ్డకు డాల్ఫిన్ మాట నేర్పుతుంది’ అని పెద్దక్షరాలు. కింద నీలం నీళ్ళలో నడుములోతున నిలబడిన సబీనా, ఆమె చేతుల్లో ఎనిమిదేళ్ళ పిల్లవాడు, వాడి బుగ్గకు మూతి ఆనించిన డాల్ఫిన్. చూసేవాళ్ళకు ముగ్గురూ నవ్వుతున్నట్టే ఉంటుంది. డాల్ఫిన్ దవడ పుట్టుకతోనే అలా వంపు తిరిగి ఉంటుందని, అది చచ్చిపోయేటప్పుడు కూడా అలాగే ఉంటుందని సబీనాకు తెలుసు.

“ఇది నువ్వేనా అమ్మా?” పక్కన కూర్చున్న బడేసాహెబ్ అడిగాడు.

“నేనే నాయనా.”

“గల్ఫులో ఆసుపత్రిలో పని అని కదా చెప్పినావు?”

“ఆసుపత్రి కాదు. ఇదే ఆ పని.”

బడేసాహెబ్ మళ్ళీ ఫ్లెక్సీ వైపు చూశాడు. తొమ్మిది నెలల కిందట ఆయన దబ్బనం పట్టుకుని తోక కుడుతుంటే కూతురు పక్కన కూర్చుని, ఇక్కడ ఇంకొంచెం సన్నగా నాయనా, ఇక్కడ మెత్తగా, కన్ను ఇంకాస్త వెనక్కి అని చెప్పేది. బొమ్మ చూడకుండా ఈ పిల్లకు ఇదంతా ఎట్లా తెలుసని ఆయనకు అప్పుడే అనుమానం వచ్చింది. అడగలేదు.

“ఇంటికి పోదామా?” అన్నాడు మెల్లగా.

“వద్దు. లోపలికే పోదాం” అని సబీనా ఆటో దిగింది.

హాలు నిండా మనుషులే. సంగం నుంచి, వెంకటాచలం నుంచి, అటు తడ నుంచి కూడా వచ్చారు. కొందరు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్నారు, కొందరు చక్రాల కుర్చీల్లో తెచ్చుకున్నారు. మూడో వరసలోంచి రేవతి గబగబా లేచి వచ్చింది. ఆమె భర్త పెంచలప్రసాద్‌ది సంగం దగ్గర వరి సేద్యం. వాళ్ళ కూతురు కామాక్షికి తొమ్మిదేళ్ళు. మాట్లాడదు. పోయిన ఏడాది దాకా తల్లి తప్ప ఇంకెవరు చెయ్యి వేసినా గోడకేసి తల కొట్టుకునేది. ఇప్పుడు రబ్బరు చేప వీపు మీద బోర్లా పడుకుని ఇరవై నిమిషాలు నీళ్ళలో తేలుతుంది.

“మేడమ్, బయట బొమ్మ చూసినా. నిజం డాల్ఫిన్‌తో చేసినారంట గదా మీరు!” రేవతి ముఖం వెలిగిపోతోంది. అంతలోనే ఆ వెలుగు తగ్గింది. “మాకు ఒక్క మాటన్నా చెప్పలేదే? నిజందే అంత మంచిదైతే, ఎనిమిది నెలలుగా నా బిడ్డకు రబ్బరుది ఎందుకు పెట్టినారు?”

“చెప్తా రేవతీ. ఈరోజు అందరి ముందరా చెప్తా.”

వేదిక మీద నరేంద్రబాబు మైకు తీసుకున్నాడు. రొయ్యల గుంటలతో మొదలుపెట్టి రిసార్టు దాకా వచ్చిన మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు.

“నేను వ్యాపారస్తుణ్ణే. కాదనను. కానీ ఇది వ్యాపారం కోసం చెయ్యడంలేదు. బయట ఫొటోలో ఉండే పిల్లవాడు నా కొడుకు ఆనందబాబు. ఎనిమిదేళ్ళు వచ్చేదాకా వాడు నవ్వింది మేము చూడలేదు. ఆరేళ్ళ కిందట గల్ఫుకు తీసుకుపోయినాం. ఈ సబీనా గారి చేతుల్లోనే, ఆ నీళ్ళలోనే, నా బిడ్డ నవ్వినాడు. ఆ ఫొటో తీసింది నేనే.” ఆయన గొంతు తడబడింది. “నా బిడ్డకు దొరికింది మన నెల్లూరు బిడ్డలందరికీ దొరకాల. ఇంకో రెండు నెలల్లో డాల్ఫిన్ వచ్చేస్తుంది. దానికి పెద్దదిక్కు మన సబీనా గారే. వచ్చి రెండు మాటలు చెప్పండమ్మా.”

హాలంతా చప్పట్లు. సబీనాకు అప్పుడు గుర్తొచ్చాడు ఆయన. తొట్టె గట్టు మీద బూట్లు విప్పేసి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, ఫొటో తీస్తూ ఏడ్చిన నాన్న. ఆ ఏడుపు అబద్ధం కాదు. ఇప్పటి ఆ తడబాటూ అబద్ధం కాదు. దొంగను నిలదీయడానికి కావాల్సిన ధైర్యం ఆమె ఇంటినుంచి తెచ్చుకుంది. తను చెప్పేది తానే నమ్మే మనిషి ఎదురవుతాడని అనుకోలేదు.

అయినా వేదిక ఎక్కింది.

“ఆ ఫొటోలో ఉండేది నేనే” అంది. “నాలుగేళ్ళు ఆ పని చేసినా. బాగా చేసినా. అందుకని ఇప్పుడు నేను చెప్పేది ఎవరో చెప్పగా విన్నది కాదు. నేను చేసింది చెప్తున్నా.”

చప్పట్లు ఆగిపోయాయి.

“ఆ డాల్ఫిన్ పేరు నూరీ. పొద్దున దానికి తిండి పెట్టేవాళ్ళం కాదు. కడుపు నిండితే అది పిల్లల దగ్గరికి రాదు. పిల్లవాడి బుగ్గకు మూతి ఆనిస్తే ఒక చేప. చుట్టూ ఒక తిరుగుడు తిరిగితే ఇంకో చేప. మీరు బయట చూసినారే, ముద్దు పెడుతున్నట్టు, అది ముద్దు కాదు, ఆకలి. రోజుకు పదకొండు మంది పిల్లలు. సముద్రంలో ఇష్టమొచ్చినంత దూరం ఈదే జంతువుకు మేమిచ్చింది నలభై అడుగుల తొట్టె. అది వేసే ఈల గోడకు తగిలి మళ్ళీ దానికే వినపడేది. కొన్నాళ్ళకు ఈల మానేసింది. గోడకేసి తల కొట్టుకోవడం మొదలుపెట్టింది.”

మూడో వరసలో రేవతి చప్పున తలెత్తింది. గోడకేసి తల కొట్టుకోవడమంటే ఏమిటో ఆ హాల్లో ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

“ఆ ఫొటో తీసిన పదకొండో వారం నూరీ చచ్చిపోయింది. మర్నాడు పిల్లలకు ఏం చెప్పినామో తెలుసా? సెలవులకు సముద్రంలోకి పోయిందని. చెప్పింది నేనే. నెల లోపల ఇంకో డాల్ఫిన్‌ను తెచ్చి దానికీ నూరీ అనే పేరు పెట్టినారు. నేను దాన్ని కూడా నూరీ అనే పిలిచినా. రెండేళ్ళు పిలిచినా. అందుకే నేను ఆ పని సంగతి మీకెవరికీ చెప్పలేదు. సిగ్గుపడి చెప్పలేదు. తప్పే. మా నాయనకు కూడా ఈరోజు దాకా తెలియదు.”

బడేసాహెబ్ కూతురి వైపు చూస్తూ ఉండిపోయాడు. తల దించుకోలేదు.

నరేంద్రబాబు లేచి నిలబడ్డాడు. “అది వాళ్ళ తప్పు సబీనా గారూ. మనం అట్టా ఎందుకు చేస్తాం? మంచి డాక్టరును పెడతాం, పెద్ద చెరువు కడతాం. సరే, అదంతా పక్కన పెట్టండి. నా బిడ్డ నవ్వలేదా? అది కూడా అబద్ధమేనా?”

“నవ్వినాడు సార్. నిజంగా నవ్వినాడు. గోరువెచ్చటి నీళ్ళు, ఒళ్ళు తేలికవడం, గంటసేపు వాణ్ణి ఎవరూ తొందరపెట్టకపోవడం, వాళ్ళ నాయన పనులన్నీ పక్కన పడేసి వాణ్ణే చూస్తా కూర్చోవడం. వీటన్నిటికీ నవ్వినాడు. రిపోర్టులో మాత్రం మేము డాల్ఫిన్ పేరు ఒక్కటే రాసినాం. ఆ రిపోర్టు మీద సంతకం కూడా నాదే.”

వెనక వరసలోంచి ఎవరో నవ్వుతూ అరిచారు. “అయితే పరుపులు కుట్టే ఆయన కుట్టిన చేపతో రోగాలు కుదురుతాయా మేడమ్?”

నవ్వులు. సబీనా నోరు తెరవబోతే బడేసాహెబ్ లేచాడు. మైకు అడగలేదు. బజారులో నలభై ఏళ్ళు బేరం చేసిన గొంతుకు మైకు అవసరం లేదు.

“కుదరవయ్యా. నేను కుట్టిందానికి ఏ రోగమూ కుదరదు” అన్నాడు. “నేను ఇన్నేళ్ళుగా పరుపులు కుడతా ఉండా. ఏ పరుపూ మనిషిని నిద్రపుచ్చదు. పడుకునేదానికి మెత్తగా ఉంటాది, అంతే. నిద్ర పడుకునేవాడిది. ఈ చేపా అంతే. కష్టపడేది మీ బిడ్డలు, వాళ్ళతో నీళ్ళలో గంటలు గంటలు నిలబడేది నా బిడ్డ. కాళ్ళకు నీటి పుండ్లు పడినాయి దానికి. రా, చూద్దువుగాని.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“పెద్దాయన మాట బాగుండాది” అన్నాడు నరేంద్రబాబు, మర్యాద తప్పకుండానే. “కానీ ప్రాణం ప్రాణమే గదా. బిడ్డ ప్రాణానికి ఇంకో ప్రాణం తోడుండాల. మీ రబ్బరుదానికి ప్రాణం లేదు.”

“లేదు. లేదనే పెట్టుకున్నా!” సబీనా గొంతు పెరిగింది. “కామాక్షి మొదటి మూడు వారాలు దాన్ని కొట్టింది. కొరికింది. ఒక కన్ను పీకేసింది. మా నాయన మళ్ళీ కుట్టినాడు. మళ్ళీ పీకింది. అదే ప్రాణమున్నదైతే? నూట యాభై కిలోల జంతువు విసుగొచ్చి ఒక్కసారి తోక విసిరితే ఏమవుతుందో నాకు తెలుసు. నావి రెండు పక్కటెముకలు విరిగినాయి. ఆరోజు నా చేతుల్లో బిడ్డ లేదు కాబట్టి సరిపోయింది.”

ఆమె కామాక్షి వైపు చెయ్యి చూపించింది.

“మా చేప పక్కన ఒక మెత్తటి బంతి ఉంటాది. బిడ్డ నొక్కితే చేప కదులుతుంది, వదిలితే ఆగుతుంది. అంతకు మించి దానికి ఏ విద్యా రాదు. పుట్టి తొమ్మిదేళ్ళయింది కామాక్షికి. దువ్వెన ఆగలేదు, సూది ఆగలేదు, స్కూల్లో గంట ఆగలేదు. ఆ బిడ్డ చాలంటే ఆగింది మా చేప ఒక్కటే. సార్, వద్దని చెప్పలేని బిడ్డకు వద్దని చెప్పలేని జంతువును తోడిచ్చి, దాన్ని వైద్యం అంటే నేను ఒప్పుకోను. నా ముఖం అంతెత్తు ఫ్లెక్సీ వేసి చెప్పినా ఒప్పుకోను. మీ బిడ్డకు మాటలొస్తాయని కూడా నేను చెప్పను. ఎవరన్నా చెప్తే నమ్మొద్దు.”

“ఇది చట్టప్రకారం చేసే పనే” అన్నాడు నరేంద్రబాబు. “వలల్లో పడి గాయపడ్డ వాటిని కాపాడే కేంద్రం అని పెడుతున్నాం.”

“పులిని కాపాడే చట్టమే దీన్నీ కాపాడుతుంది. గాయపడ్డ పులిని తెచ్చి దాని మీద బిడ్డల్ని ఎక్కిస్తారా?”

ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. అప్పుడే సబీనా నోట ఇంకో మాట జారింది. అడగాలని అనుకుని అడిగింది కాదు.

“ఆనందబాబు ఇప్పుడు ఎట్టుండాడు సార్?”

“చెన్నైలో ఉండాడు. హాస్టల్లో. స్పెషల్ స్కూలు.”

“మీరు చూసి ఎన్నాళ్ళయింది?”

నరేంద్రబాబు చేతిలో మైకు కిందికి దిగింది. ఆయన పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. హాల్లో ఉన్న ప్రతి తల్లీ ప్రతి తండ్రీ ఆ మౌనాన్ని గుర్తుపట్టారు. వాళ్ళల్లో చాలామందికి అలాంటి ప్రశ్న ఒకటి ఇంట్లో ఉంది. గెలిచినట్టు అనిపించలేదు సబీనాకు. చెంపదెబ్బ కొట్టిన చెయ్యిలా నాలుక మండింది.

రేవతి కామాక్షిని చెయ్యి పట్టుకుని వేదిక దగ్గరికి వచ్చింది.

“మేడమ్, మీ మీద నాకు కోపంగా ఉండాది” అంది, అందరికీ వినపడేలా. “దాచిపెట్టినారు. నేను బిడ్డను మీ చేతిలో పెట్టినానే, మీరు నాకు చెప్పలేదు. అది ఇప్పుడే మరిచిపోయేది కాదు.” తర్వాత బల్ల మీది రిజిస్టరు తనవైపు తిప్పుకుంది. డాల్ఫిన్ వైద్యం కోసం పొద్దున తను రాయించిన పేరు వెతికి, పెన్ను తీసుకుని రెండు గీతలు అడ్డంగా కొట్టింది. “సార్, మా కామాక్షి రాదు. ఆకలేసిన జంతువుతో ముద్దు పెట్టించుకునే ఖర్మ నా బిడ్డకు లేదు.”

ఆమె వెనకే వెంకటాచలం నుంచి వచ్చిన ఒక ముసలామె లేచింది. ఆ తర్వాత ఇంకొందరు. అందరూ కాదు. సగానికి సగం మంది కూర్చునే ఉన్నారు. పిల్లల్ని ఒళ్ళో బిగించి పట్టుకుని, ఎవరు నిజమో ఎవరు అబద్ధమో తేలక, రెండు ముఖాల వైపూ మార్చి మార్చి చూస్తున్నారు.

పక్క తలుపు తెరుచుకుంది. హెబ్రోను లోపలికి వచ్చాడు. సబీనాను ఆరు నెలలు తన పడవలో తిప్పిన మనిషి. డాల్ఫిన్లు ఏ నెలలో ఏ నీళ్ళకు వస్తాయో చేతితో చూపించి చెప్పిన మనిషి. లుంగీ నడుము దాకా తడిసి ఉంది. సబీనా కళ్ళలోకి చూడలేదు.

“సబీనమ్మా, ఒకసారి గుంట కాడికి రా.”

“హెబ్రోనూ!” అన్నాడు నరేంద్రబాబు. ఎన్నడూ పెంచని గొంతు పెంచాడు.

“ఇంక నావల్ల కాదు సార్.” హెబ్రోను రెండు చేతులూ జోడించాడు. “డాల్ఫిన్ చేప వచ్చి మూడు దినాలైందమ్మా. రిసార్టు వెనక పాత రొయ్యల గుంటలో ఉండాది. తెచ్చింది నేనే.”

హాలు ఒక్కసారిగా గుసగుసలాడింది. రెండు నెలల్లో వస్తుందని మైకులో చెప్పి ఇంకా గంట కాలేదు.

నరేంద్రబాబు వేదిక దిగి సబీనా దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు ఆ ముఖంలో యజమాని లేడు. “సభ అయినాక మీకు చెప్దామనుకున్నా. అది ఏమీ తినడంలేదు. కవళ్ళ చేపలు తెచ్చి వేసినాం, రొయ్యలు వేసినాం, మూతి కూడా పెట్టడంలేదు. పశువుల డాక్టరును పిలిస్తే ఆయనకు దాన్ని గురించి తెలియదన్నాడు. ఇక్కడ దాన్ని చేత్తో పట్టుకున్న మనిషి మీరొక్కరే. నన్ను ఎన్ని మాటలన్నా అనండి. అది చచ్చిపోకుండా చూడండి.”

తనను ఎందుకు పిలిచాడో సబీనాకు అప్పుడు అర్థమైంది. డాల్ఫిన్ మీద మళ్ళీ చెయ్యి వెయ్యనని ఆ దేశంలో విమానం ఎక్కేముందు ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు సంగతి ఆలోచిస్తూ నిలబడే తీరిక లేదు. హెబ్రోను వెంట నడిచింది. వెనక బడేసాహెబ్, ఆయన వెనక కామాక్షితో రేవతి, వాళ్ళ వెనక జనం.

గుంట కట్ట మీద ఎండ చురుక్కుమంటోంది. నీళ్ళకు గాలి ఎక్కించే చక్రాలు ఆపేసి ఉన్నాయి. నీటి మీద చచ్చిన కవళ్ళు తెల్లగా తేలుతున్నాయి. వాటి మధ్య ఒక చిన్న బూడిదరంగు వీపు పైకి లేచింది, ఊపిరి వదిలింది, ఒక పక్కకు వాలి మునిగింది. సబీనా కళ్ళు చికిలించి చూసింది. మళ్ళీ లేచింది. మూడున్నర అడుగులు కూడా లేదు. ఒంటి పక్కన పాలిపోయిన చారలు, తల్లి కడుపులో ముడుచుకుని పడుకున్నప్పుడు పడినవి, ఇంకా చెరిగిపోలేదు.

“సార్” అంది. “ఇది చేపలెట్లా తింటాది? ఇది పాలు తాగే బిడ్డ. పుట్టి కొన్ని వారాలు కూడా కాలేదు.”

“పాలా?” అన్నాడు నరేంద్రబాబు. ఆ మాట కొత్తగా వింటున్నట్టు మళ్ళీ అన్నాడు. “పాలా?”

సబీనా హెబ్రోను వైపు తిరిగింది. “తల్లి యాడ అన్నా?”

హెబ్రోను కట్ట మీద కూలబడ్డాడు. “రెండూ వలలో పడినాయి. తల్లి చించుకొని పోయింది. పిల్లకు దారాలు చుట్టుకున్నాయి. కోసి వదిలేద్దామని కత్తి తీసినా. పక్క పడవలో సార్ మనుషులుండారు. ఉంచమన్నారు, ఉంచినా. తల్లి పోలేదమ్మా. మూడు దినాలుగా పాయ సముద్రంలో కలిసే మొగ కాడే తిరగతా ఉండాది. పిల్ల అరిచినప్పుడల్లా తూము వైపు కొంత దూరం వచ్చి పోతా ఉండాది.”

గుంటకూ పాయకూ మధ్య ఉన్నది ఆ తూము ఒక్కటే. చెక్క తలుపు వేసి, గొలుసు చుట్టి, తాళం బిగించి ఉంది.

సబీనా చెప్పులు విడిచింది. దుపట్టా నడుముకు బిగించుకుంది. రిసార్టు మనిషి ఒకడు అడ్డం రాబోతే బడేసాహెబ్ వాడి ముందు నిలబడ్డాడు, చేతులు కట్టుకుని, ఊరికే నిలబడ్డాడు. ఆమె బురదలోకి దిగింది. మోకాళ్ళు, నడుము. డాల్ఫిన్ పిల్ల బెదిరి ఒక మూలకు పోయింది. ఆమె దాని వెంట పడలేదు. నీళ్ళలో కదలకుండా, చేతులు తేలేసి నిలబడింది. చాలాసేపటికి అదే వచ్చి, పాలకోసం వెతుకుతూ, ఆమె మోచేతి వంపులోకి మూతి దూర్చింది. ఒళ్ళంతా వణుకుతోంది దానికి.

“తూము తలుపు తియ్యండి” అంది సబీనా.

రిసార్టు మనుషులు నరేంద్రబాబు వైపు చూశారు.

“నేను బతిమాలడంలేదు సార్. మీరు తియ్యకపోతే మేము పగలగొడతాం. ఇంతమంది చూస్తుండగా పగలగొడతాం. తర్వాత కేసు పెట్టుకోండి, నా పేరు మీకు తెలుసు, ఫొటో కూడా మీ దగ్గరే ఉండాది.”

కట్ట మీద రేవతి కిందికి వంగి, చేతికందిన సిమెంటు పెళ్ళ ఒకటి ఎత్తుకుంది. దాన్ని పట్టుకుని నేరుగా తూము వైపు నడిచింది.

“తీసి లాభం లేదమ్మా!” హెబ్రోను అరిచాడు. ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు. “పొద్దున్నే రెండు పడవలు పెద్ద వల తీసుకొని పాయ మొగకు పోయినాయి. పిల్ల అరుపుకు తల్లి లోపలికొస్తే, వెనకనుంచి వల అడ్డమేసి పట్టేస్తారు. తల్లి ఉంటే పిల్లకు పాలుంటాయి, రెండూ బతుకుతాయని ఎవరో చెప్పినారంట. ఒక పడవ సార్‌ది. రెండోది నాది. నా కొడుకు బెన్హర్ ఉండాడు దాంట్లో. ఫోను ఎత్తడంలేదు.”

అందరి కళ్ళూ నరేంద్రబాబు మీదికి తిరిగాయి.

“నేను తల్లిని పట్టమని చెప్పలేదు” అన్నాడాయన. ఎవరితో అంటున్నాడో తెలియలేదు. “పిల్ల బతకాలంటే ఏం చెయ్యమంటే అది చెయ్యమన్నా. అంతే చెప్పినా.”

“అయితే ఇప్పుడు చెప్పండి! మీ పడవను వెనక్కి రమ్మనండి!” అంది సబీనా నీళ్ళలోంచి.

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. వేలు దాని మీద పెట్టాడు. కళ్ళు మాత్రం సబీనా చేతుల్లో వణుకుతున్న ఆ చిన్న ప్రాణం మీదే నిలిచిపోయాయి. వేలు కదల్లేదు.

పిల్ల అరిచింది. సబీనా మోచేతి కింద నీళ్ళు జుమ్మన్నాయి.

కట్టకు అవతల, తూముకు పది గజాల దూరంలో, పాయ నీళ్ళు చీల్చుకుని ఒక పెద్ద ఊపిరి బుస్సుమంది. అంత దగ్గరగా అంతకుముందు ఎన్నడూ రాలేదని హెబ్రోను ముఖమే చెప్పింది. తల్లి లోపలికి వచ్చేసింది.

ఆ ఊపిరి సద్దు అణగకముందే, మొగ వైపునుంచి రెండు పడవల ఇంజన్లు ఒక్కసారిగా మోగాయి.